దిగేది భోగాపురంలో, ఉండేది ఎక్కడ?

ఇటలీ వెళ్లాలనుకున్న తెలుగు కుటుంబం షెంజెన్ వీసాకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో, ఏ హోటల్లో దిగుతారో రాసి ఇవ్వాలి. 30,000 యూరోలకు తగ్గకుండా ప్రయాణ వైద్య బీమా చూపించాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు వీసా రుసుమే 90 యూరోలు. అంత ఖర్చు పెట్టాక ఎవరూ ఏమరుపాటుగా బయల్దేరరు. ఫ్లారెన్స్‌లోని ఉఫిజీ చిత్రశాలకు సోమవారం సెలవని ముందే తెలుసుకుంటారు. మిలన్‌లో లియొనార్డో గీసిన కడపటి విందు చిత్రం చూడాలంటే టికెట్ ముందే కొనాలనీ, లోపల పావుగంట మాత్రమే ఉండనిస్తారనీ కనుక్కుంటారు. రోము, ఫ్లారెన్స్, వెనిస్ మూడూ వారంలో చుట్టేయాలా, ఒక్క ఊళ్లోనే వారమంతా ఉండాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ మాటల్లోనే ప్రయాణం సగం పూర్తవుతుంది.

అదే కుటుంబం విజయనగరం వైపు వస్తే ఈ శ్రద్ధ ఏదీ ఉండదు. పొద్దున రామతీర్థం దర్శనం, దారిలో కోట గుమ్మం ముందు ఒక ఫోటో, చీకటి పడేసరికి విశాఖపట్నం. అక్కడ చూడ్డానికేముంది, ఒక పూట చాలదా అంటారు. బయటివాళ్లే కాదు, మా వైపు వాళ్లూ అంటారు. ఆ మాట మీదే నాకు పేచీ. భోగాపురంలో విమానం దిగిన మనిషి ఇక్కడ వారం రోజులు ఉండగలడా? ఉంటే ఎక్కడ, ఏ నెలలో, ఏం చేస్తూ? ఇంతవరకూ జనం అనుసరించిన పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: విజయనగరంలో గది తీసుకుని, చివర రెండు రాత్రులు శ్రీకాకుళానికి ఇస్తే వారం చాలదు కూడా. ఎందుకంటే ఈ నేల మీద విలువైనవాటిలో సగం కట్టడాలు కావు, పనులు. వీణ తొలిచే పని, పత్తి ఏకే పని, సంగీతం నేర్పే పని, అమ్మవారి సంబరం నడిపే పని. కట్టడాన్ని గంటలో చూసి వెళ్లిపోవచ్చు. పనిని చూడాలంటే అది జరిగే వేళకు అక్కడ ఉండాలి.

ముందు భోగాపురం సంగతి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ అంతర్జాతీయ విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి రాయి వేశారు. నిర్మాణం జీఎంఆర్ సంస్థది. సుమారు 2,200 ఎకరాలు, 3,800 మీటర్ల రన్‌వే, తొలి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు అనేది లెక్క. జాతీయ రహదారి పక్కనే ఉంది. దక్షిణంగా వెళ్తే విశాఖ సుమారు 45 కిలోమీటర్లు, లోపలికి తిరిగితే విజయనగరం దాదాపు పాతిక, ఉత్తరాన శ్రీకాకుళం సుమారు 60.

ఈ ఎకరాల వెనక ఊళ్లున్నాయి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయ్యాయి. అక్కడివాళ్లు పోలిపల్లి, గూడెపువలస దగ్గర కొత్త ఇళ్లలోకి మారారు. కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటల మధ్య బతికినవాళ్లు అవన్నీ వదులుకుని వెళ్లారు. ఇక ఇదే తీరంలోని మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతారు. 2018 చివర్లో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. కాబట్టి వారం రోజుల బస అన్నది నాకు విలాసం గురించిన ప్రశ్నగా కనిపించదు. దిగినవాళ్లు నేరుగా విశాఖ కారెక్కితే ఈ ఊళ్లకు మిగిలేది మోత. నాలుగు రాత్రులు ఇక్కడ పడుకుంటే కూలి, కిరాయి, కూర, చేప అన్నింటికీ గిరాకీ పుడుతుంది.

ఇప్పటిదాకా ఇటు వచ్చేవాళ్లవి మూడు అలవాట్లు. మొదటిది యాత్ర బస్సు: అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, రామతీర్థం ఒకే రోజులో. ముసలివాళ్లకు ఇది సౌకర్యం, తప్పు పట్టను. కానీ శ్రీకూర్మంలో గోడల మీది పాత రంగుల బొమ్మలు చూడ్డానికి ఆ బస్సు ఆగదు. రెండోది కార్తీకమాసపు వనభోజనాల రాక: తాటిపూడి జలాశయం, చింతపల్లి తీరం, సాయంత్రానికి ఇంటికి. మూడోది అరకు ప్యాకేజీ. ఇందులో విజయనగరం పేరే ఉండదు. కొత్తవలస, శృంగవరపుకోట స్టేషన్లు రైలు కిటికీలోంచి కనబడి వెళ్లిపోతాయి. ఈ మూడింటిలో ఒక్కదానికీ రాత్రి బస అవసరం లేదు. వారం ఎవరూ అడగలేదు గనుక వారానికి తగ్గ ఏర్పాటూ ఎవరూ చేయలేదు.

బస ఎక్కడ అన్నదానికి నాలుగు వాదనలు వినిపిస్తాయి. విశాఖలో ఉండి వచ్చిపోవచ్చు అనేది తేలికైన మాట. హోటళ్లు ఎక్కువ, ఏ ధరకైనా గది దొరుకుతుంది. కానీ రోజూ రానూ పోనూ మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. సిరిమాను ఉత్సవానికి ముందు రాత్రి జరిగే తొలేళ్లు, సంగీత కళాశాల సాయంత్రాలు, తెల్లవారుజామున అరసవల్లి ఇవన్నీ చేజారతాయి. భోగాపురం తీరంలో రిసార్టు అనేది రెండో వాదన. సముద్రం కోసమే వచ్చేవాళ్లకు అది సరే. ముక్కాం, కోనాడ, చింతపల్లి తీరాలు ఇంకా మత్స్యకారులవే. పొద్దున్నే ఒడ్డు నుంచి పెద్దవల లాగుతుంటే చూడ్డం ఒక అనుభవం. అయితే ఈ సముద్రం స్నానాలకు నమ్మదగ్గది కాదు. ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, కింది లాగుడు బలంగా ఉంటుంది. ఈత వచ్చినవాళ్లూ పోయారు. స్థానిక మత్స్యకారులు వద్దన్న చోట కాలు పెట్టకూడదు. శ్రీకాకుళం మూడో వాదన. గుడులూ బౌద్ధ శిథిలాలూ చూసేవాళ్లకు అదే కేంద్రం కావాలి, కానీ బొబ్బిలి, రామతీర్థం, భీమిలి దూరమవుతాయి.

అన్నీ తూచి చూస్తే విజయనగరమే మిగులుతుంది. హౌరా చెన్నై ప్రధాన మార్గం మీద జంక్షన్ అది. రాయపూర్ వైపు రైలు మార్గం అక్కడే చీలి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా వెళ్తుంది. ఆర్టీసీ బస్సు ఏ దిక్కుకైనా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పాత ఊరంతా నడిచి తిరిగేటంత చిన్నది.

నెల ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త కావాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2025లో అది అక్టోబరు 7న వచ్చింది. ముందురోజు సోమవారం రాత్రి తొలేళ్లు. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా, మళ్లీ గుడి దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. చింతమాను కొన మీద కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. జనం తల మీదుగా, మేడల ఎత్తున అమ్మవారి ప్రతిరూపంగా ఆయన కదిలి వెళ్తుంటే కింద లక్షల చేతులు లేస్తాయి. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. ఆ వల ఊరికే రాలేదు; అమ్మవారి విగ్రహం పెద్దచెరువులోంచి బయటికి తీశారన్నది ఊరి నమ్మకం. ఆ రోజుల్లో పులివేషాలు, తప్పెటగుళ్లు, కర్రసాము వీధుల్లోనే కనిపిస్తాయి, టికెట్టు కొనక్కర్లేదు.

ఇటలీలో సియెనా అనే ఊరు ఉంది. ఏటా జులై 2న, ఆగస్టు 16న ఊరి నడిబొడ్డు మైదానంలో గుర్రప్పందెం జరుగుతుంది. 17 పేటల్లో పది పేటల గుర్రాలు పరిగెడతాయి. దాన్ని చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం నెలల ముందే గదులు పట్టుకుంటారు. తెలిసినవాళ్లు పందెం రోజుకు కాక నాలుగు రోజుల ముందే చేరి పేటల వీధి భోజనాలు, ఊరేగింపులు, గుర్రాల ఎంపిక చూస్తారు. సిరిమానుకూ అదే సరైన దారి. మంగళవారం మధ్యాహ్నం కారులో వస్తే ఊరి బయటే ఆపేస్తారు, జనసముద్రంలో దూరం నుంచి మాను కొన చూసి వెనక్కి పోవాలి. శనివారానికే చేరితే మాను సిద్ధమవడం, ఘటాల ఊరేగింపులు, ఇళ్లకు అల్లుళ్లూ ఆడపడుచులూ చేరడం, పల్లెల నుంచి బళ్లు దిగడం అన్నీ కళ్లబడతాయి. తర్వాత పెద్దచెరువులో తెప్పోత్సవం దాకా ఉండగలిగితే ఇంకా మంచిది.

అడ్డంకి ఒక్కటే, అక్టోబరు మాకు తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. దసరాకు వచ్చేవాళ్లు డబ్బు తిరిగొచ్చే షరతుతోనే టికెట్లు తీసుకోవాలి, వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ చూడాలి. జనం గోల వద్దనుకునేవాళ్లకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి హాయి. రథసప్తమికి అరసవల్లి పోటెత్తుతుంది కనుక ఆ రెండు రోజులు శ్రీకాకుళంలో గది ఆశించవద్దు. మే నెలలో ఎండ, ఉక్కపోత రెండూ కలిసి వస్తాయి; ముంజెలు, మామిడిపళ్లు తప్ప మరో ఆకర్షణ లేదు.

ఇక ఊరిలోకి వెళ్దాం. పూసపాటి వారు మొదట కుమిలిలో మట్టికోటలో ఉండేవారు. 1713లో విజయదశమినాడు విజయరామరాజు ఇక్కడ రాతికోటకు పునాది వేశాడు. ఈ చోటు చూపించినది మహబూబ్ వలీ అనే ముస్లిం ఫకీరు అని ఊళ్లో చెప్పుకుంటారు. కోట పూర్తిగా తెరిచి పెట్టిన ప్రదర్శనశాల కాదు. ఆ వంశీకుడు పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు స్థాపించి కోటను చదువులకు ఇచ్చేశారు. లోపల ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి. ఇది కొందరికి నిరాశ. నాకు మాత్రం ఒక రాజకోట విద్యార్థుల కోలాహలంతో నిండి ఉండటం కన్నా మంచి ముగింపు తోచదు. నగారఖానా గుమ్మం, అగడ్త, బురుజులు తీరిగ్గా చూసి బొంకుల దిబ్బకు నడవాలి. కన్యాశుల్కం చదివినవాళ్లకు ఆ పేరు చెప్పనక్కర్లేదు, గిరీశం తెర మీదికొచ్చే చోటు అదే. ఆ నాటకం 1892 ఆగస్టు 13న ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా తిరగరాసిన కూర్పు వచ్చింది. దాని రచయిత గురజాడ నివసించిన ఇల్లు స్మారకంగా ఉంది. ఊరికి బయల్దేరే ముందే నాటకం ఒకసారి చదువుకుని రండి. చదవకుండా ఆ ఇంటికి వెళ్తే గోడలూ తలుపులూ తప్ప ఏమీ కనబడవు.

1885లో కట్టిన ఎనిమిది పలకల గంటస్తంభం ఊరికి గుర్తు. దాని చుట్టూ బజారు. అక్కడికి దగ్గర్లోనే 1857లో బడిగా మొదలై 1879లో కళాశాల అయిన మహారాజా కళాశాల సంగతి తెలుసుకోవాలి. గురజాడ అక్కడే చదివి అక్కడే పాఠం చెప్పారు. ఇటలీ మాట వచ్చింది కనుక చెబుతున్నాను, అదే కళాశాలలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేసిన రోణంకి అప్పలస్వామి ఫ్లారెన్స్ రాజనీతిజ్ఞుడు మేకియవెల్లి గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చారు. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ ఖర్చు భరించింది విజయనగరం మహారాజే. కథకుడు చాసో జీవితంలో చాలాభాగం ఈ ఊళ్లోనే గడిపారు. సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్లకు వీధి మలుపుల్లోనే ఒక రోజు గడిచిపోతుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువ సమయం అడిగేది సంగీత కళాశాలకు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు దీన్ని స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల ఇక్కడే పట్రాయని సీతారామశాస్త్రి శిష్యుడై, మధుకరం ఎత్తుకుని భోంచేస్తూ చదువుకున్నాడు. పి. సుశీల ఈ కళాశాల విద్యార్థిని. ఇంత చరిత్ర ఉన్న చోట ఇప్పటికీ పాఠం జరుగుతోంది, అదే గొప్ప. వాకిట్లో నిలబడి పలక చదివి వచ్చేస్తే లాభం లేదు. అధ్యాపకుల అనుమతి అడిగి, ఒక మూల కూర్చుని, వర్ణం మొదటి కాలంలో నేర్చుకుంటున్న పిల్లల పాఠం వినాలి. తప్పు పాడిన చోట గురువు ఆపి మళ్లీ పాడించడం వినాలి. కచేరీలో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

వయొలిన్ ఇప్పటి రూపం తీర్చిదిద్దుకున్నది ఇటలీలోనే. స్ట్రాడివరి ఊరైన క్రెమోనాలో వయొలిన్ చేసే విద్యను 2012లో యునెస్కో మానవ వారసత్వంగా గుర్తించింది. అక్కడ 1938 నుంచి ఆ పని నేర్పే బడి ఉంది, 2013లో వయొలిన్ ప్రదర్శనశాల తెరిచారు. వీధుల్లో వడ్రంగి గదులున్నాయి; కొన్నింట్లోకి సందర్శకుల్ని రానిస్తారు. ఆ ఊరి ఆదాయంలో, పేరులో ఈ పనిది పెద్ద వాటా. మనకూ అలాంటి ఊరు ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస మానును ఎంచి, ఎండబెట్టి, ఒకే దుంగలోంచి కుండ, దండి, యాళి అన్నీ తొలిచి తీస్తే అది ఏకాండ వీణ. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విజయనగరం నుంచి బొబ్బిలికి రైలుంది, బస్సుంది, సుమారు 60 కిలోమీటర్లు.

బొబ్బిలికి వెళ్లేవాళ్లు ఎక్కువగా యుద్ధం కోసం వెళ్తారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగరం రాజు బొబ్బిలి కోటను ముట్టడించడం, కోటలోని స్త్రీలూ పిల్లలూ బలి కావడం, తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని గుడారంలోనే పొడిచి చంపడం తెలుగువాళ్లందరికీ తెలిసిన కథ. 1891లో నిలిపిన స్మారక స్తంభం ఉంది. పైడితల్లి ఆ విజయరామరాజు చెల్లెలే అని విజయనగరం నమ్మకం కనుక సిరిమాను, బొబ్బిలి స్తంభం ఒకే కథకు రెండు కొసలు. ఒకే వారంలో రెండూ చూసినవాళ్లకు ఆ కథ రెండు వైపుల నుంచీ అర్థమవుతుంది. కానీ స్తంభం దగ్గర అరగంట చాలు; మిగతా పూటంతా గొల్లపల్లికి ఇవ్వండి. పని చేసేవాళ్ల సమయం విలువైనది, ముందు కబురు చేసి వెళ్లడం మర్యాద. కొనగలిగితే చిన్న వీణ బొమ్మనైనా వాళ్ల చేతి నుంచే కొనండి.

రామతీర్థం ఒక పూట. నెల్లిమర్ల దాటాక, విజయనగరానికి సుమారు పన్నెండు కిలోమీటర్లు. గుడికి వెళ్లినవాళ్లలో చాలామంది ఎదురుగా ఉన్న గురుభక్తులకొండ ఎక్కరు. కొండ మీద ఇటుక స్తూపాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. బోధికొండ వైపు జైన శిల్పాలు. ఒకే చోట మూడు మతాల జాడలు. ఎండ ఎక్కకముందే వెళ్లాలి, నీళ్లు పట్టుకెళ్లాలి, ఎక్కడా నీడ లేదు.

సముద్రం వైపు ఒక రోజు చాలు. పొద్దున ముక్కాంలో వలలు, మధ్యాహ్నానికి భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట డచ్చివారు పదిహేడో శతాబ్దంలో స్థావరం పెట్టుకున్నారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. భీమునిపట్నం 1861లోనే మునిసిపాలిటీ. పావురాలకొండ మీద బౌద్ధారామం, ఊరు దాటగానే ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల మీద నడిచేటప్పుడు కాలిబాట దాటవద్దు, ఆ మట్టి కరిగిపోతే మళ్లీ రాదు. తిరుగుదారిలో పద్మనాభం ఉంది. 1794 జులై 10న చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయిన నేల.

అరకు, బొర్రా గుహలను ఈ వారంలోంచి నేను తీసేస్తాను. అవి చూడదగ్గవి కావని కాదు. వాటికి వేరే రెండు రోజులు, వేరే మనసు కావాలి. ఈ వారంలో కుక్కితే ఒక రోజంతా ఘాట్ రోడ్డులో పోతుంది, తక్కినవన్నీ పలచబడతాయి. ఇటలీ వెళ్లినవాళ్లు ఫ్లారెన్స్ వారంలో నేపుల్స్ కలపాలని చూసి అలసిపోయినట్టే.

చివరి రెండు రాత్రులు శ్రీకాకుళం. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులపాటు తొలి కిరణాలు గుడిలోకి వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. మబ్బు ఉంటే అంతే సంగతి. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. అక్కడి శాసనాలూ గోడల చిత్రాలూ తీరికగా చూడాలి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషకూ సవర భాషకూ జీవితం ధారపోసిన మనిషికి ఇదొక అదనపు కీర్తి. అక్కడి నుంచి కళింగపట్నం దీపస్తంభం దగ్గరే. రెండో రోజు శ్రీముఖలింగం. తూర్పు గాంగుల కళింగనగరం ఇదే. ఇప్పచెట్టు మొదలే లింగంగా వెలసిందని కథ, మధుకేశ్వరుడన్న పేరు అందుకే. ముఖలింగేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల్లో సోమేశ్వరం చిన్నది, కానీ దాని గోడల శిల్పం ముందు నేను ఎంతసేపైనా నిలబడగలను. వచ్చేటప్పుడు పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని ఏకి, చేత్తో సన్ననూలు తీసే స్త్రీల పని ప్రపంచంలో ఇంకెక్కడా చూడలేం. చలికాలమైతే తేలినీలాపురం పక్షుల కోసం ఇంకో పూట పెట్టుకోవచ్చు.

తిండి గురించి క్లుప్తంగా. ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, చోడి అంబలి, తీరంలో నెత్తళ్ల వేపుడు, భీమాలి మామిడి తాండ్ర, చలికాలంలో తేగలు. ఇవి హోటళ్లలో అరుదు, ఇళ్లలో దొరుకుతాయి. ఈ లోటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు సమస్య అందులోనే ఉంది.

ఎందుకంటే ఈ వారం ఇప్పటికీ తెలిసినవాళ్ల సాయంతోనే నడుస్తుంది. గొల్లపల్లిలో ఎవరిని అడగాలి, పొందూరులో ఏ వేళకు వెళ్లాలి, సంగీత కళాశాలలో పాఠం ఎప్పుడు, గురుభక్తులకొండకు దారి ఎటు, ఇవన్నీ మాకు నోటి మాటగా తెలుసు, బయటివాళ్లకు తెలిసే మార్గం లేదు. ఇటలీ 1985లోనే చట్టం చేసి రైతులు తమ పొలంలోని ఇంట్లో అతిథులకు బస, భోజనం ఇచ్చి సంపాదించుకునే వీలు కల్పించింది. ఊళ్లు ఖాళీ కాకుండా అది ఎంతో కాపాడింది. పోలిపల్లిలో, ముక్కాంలో, గొల్లపల్లిలో రెండేసి గదులు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఇంటి భోజనం అంటే అసాధ్యమైన కోరిక కాదు. భూములు వదులుకున్న కుటుంబాలకు ముందుగా ఆ అవకాశం, శిక్షణ, అప్పు దక్కాలి. డిగ్రీ చదివిన పిల్లలకు ఊరి చరిత్ర నేర్పి గుర్తింపు కార్డు ఇస్తే దారి చూపేవాళ్లు తయారవుతారు.

ఈ రాకపోకలు హద్దు మించిపోకుండా చూసుకోవడమూ ఇప్పుడే మొదలుపెట్టాలి. వెనిస్ పాతనగరంలో శాశ్వత నివాసులు 50 వేలకన్నా తగ్గిపోయారు. ఒక పూట వచ్చి పోయేవాళ్ల తాకిడి తట్టుకోలేక 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని రోజుల్లో తలకు ఐదు యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు. ఒక పూట మనిషి చెత్త వదిలి వెళ్తాడు, వారం మనిషి ఊరిలో ఖర్చు పెడతాడు. భోగాపురం తీరమంతా గోడలు కట్టిన రిసార్టులైతే మత్స్యకారుడికి వల ఆరబెట్టుకునే ఇసుక కూడా మిగలదు. తీరం అందరిదిగా ఉండాలని జిల్లా యంత్రాంగం తొలిరోజే రాసి పెట్టాలి.

పర్యాటక శాఖ వారికి, రెండు జిల్లాల కలెక్టర్లకు నా విన్నపం చాలా చిన్నది. విమానాశ్రయం బయటికి వచ్చే గుమ్మం దగ్గర ఒక బల్ల, దాని మీద తెలుగులోనూ హిందీ, ఇంగ్లీషు, ఒడియాల్లోనూ అచ్చేసిన ఒక్క కాగితం పెట్టండి. ఏ గుడి ఏ వేళ, ఏ పని ఎక్కడ, ఏ రోజు సెలవు, ఏ బస్సు ఎన్నింటికి. విజయనగరం కాంప్లెక్సుకు గంటకో బస్సు వేయండి. పాఠకులకు చెప్పేది కూడా ఇంతే: ఈసారి దిగినప్పుడు విశాఖ కారు మాట్లాడుకోకండి, విజయనగరంలో ఐదు రాత్రులకు గది తీసుకోండి, గొల్లపల్లికి ముందుగా కబురు పెట్టండి.